కనిపించని గిన్నెల బండి

పర్లాకిమిడిలో ఒక ఆదివారం సాయంత్రం, మా ఆటల బృందం ఏర్పాటు చేసిన చిన్న సభలో ఒక లెక్కల మాస్టారు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకు వినిపిస్తోందా? సరే. కనిపిస్తున్నానా? నీకు స్తంభం అడ్డం వచ్చిందా అమ్మా? పరవాలేదు, లేవకు, అక్కడే కూర్చో. నాకు ఇవాళ నీలాంటివాళ్ళే కావాలి. నేను నీకు కనిపించడం లేదు. కానీ ఎక్కడ నిలబడ్డానో తెలుసు కదా? ఒక సుద్దముక్క ఇచ్చి మాస్టారి మీదికి విసరమంటే గోడవైపు విసరవు, స్తంభం పక్కనుంచి నా వైపే విసురుతావు. తగులుతుందో లేదో తర్వాతి సంగతి. నా వైపే విసురుతావు. ఈ ఒక్క ముక్క మనసులో పెట్టుకోండి. గంటసేపు దీని చుట్టూనే తిరుగుతాను.

పెద్దవాళ్ళు కూడా వచ్చారు, సంతోషం. పిల్లలు ఆదివారం పూట తలుపులు వేసుకుని పాచికలు వేస్తున్నారట, జూదమేమో చూసిపోదామని వచ్చామని ఒకాయన గుమ్మంలోనే అన్నారు. డబ్బు లేదండీ ఇందులో. ఖర్చంతా పకోడీలకే. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుంటారు. ఒకడు దొంగ, ఒకామె మంత్రగత్తె, ఒకడు యోధుడు. ‘నేను గోడ దూకుతాను’ అంటాడు దొంగ. దూకగలడా? అక్కడ పాచిక వేస్తాం. ఆరు ముఖాలది కాదు, ఇరవై ముఖాలది. పడిన అంకెకు ఆ పాత్ర నేర్పు ఎంతో కలుపుతాం, అనుకున్న హద్దు అందుకున్నా దాటినా దూకినట్టు. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ పేరుతో మొదలుపెట్టారు. ఇప్పుడు ఇలాంటి ఆటలు లెక్కలేనన్ని. ఆట ఇంతే. తగవులు మాత్రం ఇంతతో ఆగవు.

మా బల్ల దగ్గర అన్నిటికంటే ఎక్కువ తగవు దేని మీద వస్తుందో చెప్పనా? రాక్షసుల మీద కాదు, బంగారం పంపకం మీద కాదు. మాయమైపోయినవాడి మీద! ‘నేను అదృశ్యంగా ఉన్నాను కదా, నన్నెలా కొడతారు?’ అని ఒకడు. ‘నీ అడుగుల చప్పుడు వినిపిస్తోంది కదా’ అని ఇంకొకడు. ‘చప్పుడు వినిపిస్తే మాత్రం, కనిపించనివాణ్ణి ఎలా కొడతావు?’ అని మళ్ళీ మొదటివాడు. పకోడీలు చల్లారిపోతాయి.

పోయిన ఆదివారం ఏం జరిగిందో చెబుతాను. ఎవరి పేరూ చెప్పను, ఇక్కడే కూర్చున్నారు. కోటలోకి వెళ్ళాలి. దారిలో ఒక కాపలావాడు. మంత్రగత్తె ఆలోచించి అదృశ్య మంత్రం వేసింది. ఎవరి మీద? దొంగకు ఎలాగూ నక్కడం వచ్చు కదా అని, యోధుడి మీద వేసింది. ఆ యోధుడు ఒంటినిండా ఇనుప గొలుసుల కవచం వేసుకున్నాడు. వీపున డాలు, నడుముకు కత్తి, సంచిలో ఇనుప మేకులు, వంట గిన్నె ఒకటి. మంత్రం పని చేసింది, మనిషి మాయమయ్యాడు. మాయమై నడవడం మొదలుపెట్టాడు.

మన వీధుల్లో సైకిలు మీద గిన్నెలు అమ్మేవాడు వస్తాడు, చూశారు కదా? సైకిలు చుట్టూ బిందెలు, డబరాలు, పళ్ళాలు. గతుకుల రోడ్డు మీద వస్తుంటే మీరు వంటింట్లో ఉన్నా తెలుస్తుంది. మలుపు తిరిగాడు, కిరాణా కొట్టు దాటాడు, ఇప్పుడు మన గేటు దగ్గర ఆగాడు. ఒక్కసారైనా కిటికీలోంచి చూశారా? చూడరు. ఆ బండిని కనిపించకుండా చేసేస్తే దాని గురించి మీకు తెలిసినదాంట్లో ఏం తగ్గింది? మా యోధుడు కనిపించని గిన్నెల బండి.

లెక్క చూద్దాం, లెక్కల మాస్టారిని కదా, వదలను. 2014లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ పుస్తకం ప్రకారం చెబుతున్నాను, అయిదో కూర్పు అంటారు దాన్ని. మామూలు కాపలావాడికి పాసివ్ పర్సెప్షన్ అని ఒక అంకె ఉంటుంది, 12. అంటే వాడు ప్రత్యేకంగా వెతక్కపోయినా వాడి కళ్ళకూ చెవులకూ అందే మేర అది. నక్కేవాడు స్టెల్త్, అంటే నక్కే నేర్పు, పాచిక వేసి 12 తెచ్చుకోవాలి. మా దొంగకు నేర్పు 7. కాబట్టి పాచిక మీద 5 పడినా చాలు. ఇరవైలో పదహారు ముఖాలు వాడివే. నూటికి 80 సార్లు గట్టెక్కుతాడు. మంత్రం లేదు, తంత్రం లేదు. గోడ చాటు, చీకటి, మెత్తటి చెప్పులు. అంతే.

యోధుడి సంగతి? నేర్పు సున్నా. పాచిక మీదే 12 పడాలి, అంటే ఇరవైలో తొమ్మిది ముఖాలు. పైగా గొలుసుల కవచం వేసుకున్నవాడు నక్కాలంటే రెండు పాచికలు వేసి తక్కువ పడినదే లెక్కలోకి తీసుకోవాలి. డిసడ్వాంటేజ్ అంటారు. రెండిటి మీదా 12 కాని, అంతకంటే ఎక్కువ కాని పడాలన్న మాట. 45 శాతాన్ని 45 శాతంతో గుణించండి. ఎవరు చెబుతారు? నూటికి 20, ఇంకాస్త. మాయమైన యోధుడు అయిదుసార్లలో నాలుగుసార్లు దొరికిపోతాడు. మాయమవని దొంగ అయిదుసార్లలో నాలుగుసార్లు తప్పించుకుంటాడు. తిరగేసిన లెక్క! మంత్రగత్తె మంత్రం దొంగకు ఇచ్చి ఉంటే కాస్త అర్థం ఉండేది.

మరి మాయమవడం వల్ల లాభమే లేదా అంటారేమో. ఉంది, పెద్ద లాభమే ఉంది. కానీ మనం అనుకునే లాభం కాదు. ఆ పుస్తకంలో అదృశ్యం గురించి రాసినది నాలుగు వాక్యాల పని. మంత్రమో ప్రత్యేకమైన ఇంద్రియమో లేనిదే ఆ జీవి కనిపించదు. నక్కడానికి సంబంధించినంతవరకు చిమ్మచీకటిలో ఉన్నట్టే లెక్క. చేసే చప్పుడు వల్లా, వదిలే అడుగుల వల్లా ఉన్న చోటు తెలిసిపోవచ్చు. వాడి మీద వేసే దెబ్బలకు డిసడ్వాంటేజ్, వాడు వేసే దెబ్బలకు అడ్వాంటేజ్, అంటే రెండు పాచికల్లో ఎక్కువ పడినది. ఇందులో మూడోది ఎవరూ చదవరు, చదివినా గుర్తుపెట్టుకోరు. రెండోది కూడా జాగ్రత్తగా చదవండి. ‘నక్కినట్టే’ అనలేదు, ‘నక్కడానికి వీలున్న చోట ఉన్నట్టే’ అంది. చెట్టు చాటున నిలబడ్డానికీ, చెట్టు చాటున ఊపిరి బిగబట్టడానికీ తేడా లేదా? మంత్రం మీకు చెట్టు ఇచ్చింది. ఊపిరి మీరే బిగబట్టాలి. దానికి మీ వంతులో ఒక పని ఖర్చు పెట్టి, పాచిక వేయాలి. అంతవరకూ మీరు కనిపించరు, కానీ ఎక్కడున్నారో అందరికీ తెలుసు. స్తంభం వెనక ఉన్న అమ్మాయికి నేను తెలిసినట్టు.

దెబ్బల లెక్క కూడా చెప్పేస్తాను. ఆ కాపలావాడు మా దొంగను మామూలుగా కొడితే నూటికి 45 దెబ్బలు తగులుతాయి. దొంగ కనిపించకుండా ఉంటే, చోటు తెలిసినా సరే, తగిలేవి 20. సగానికంటే తక్కువ! అది మంత్రం ఇచ్చే అసలు లాభం. మనిషిని లేకుండా చేయదు, గురి చెడగొడుతుంది.

చోటు కూడా తెలియకపోతే? అప్పుడు కొట్టేవాడు ఆట పటం మీద ఊహించి ఒక గడి చెప్పాలి. ఆ గడిలో మనిషి లేకపోతే పాచిక ఎంత పడినా దెబ్బ గాలికే. ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చింది కదా. గుర్తుందా అని ఈ ఊళ్ళో అడగకూడదు. మా ఇంట్లో లాంతరు వెలుగులో గడిపిన ఆ రాత్రుల్లోనే మా మేనల్లుడు ఈ ఆట నాకు నేర్పాడు. వైజాగ్‌లో చదువుకుంటూ సెలవులకు వచ్చి చిక్కుకుపోయాడు. ఒక రాత్రి కిరసనాయిలు మిగలాలని లాంతరు ఆర్పేశాం. చీకటి అంటే అలాంటిలాంటి చీకటి కాదు. వంటింట్లో చిన్న చప్పుడు. పాలగిన్నె మీద బోర్లించిన పళ్ళెం అంచు, గిన్నె అంచు మీద జరిగిన చప్పుడు. టింగ్ అని కాదు, స్ర్ర్ అని. మా ఆవిడ ‘పిల్లి’ అంది మెల్లగా. నేను కాలి చెప్పు తీశాను. పొయ్యి గట్టు ఎడమ చివర పాలగిన్నె ఉంటుందని నాకు తెలుసు. ముప్ఫై ఏళ్ళుగా అక్కడే ఉంది. విసిరాను. చప్పుడు వచ్చింది, కానీ పాలగిన్నెది కాదు. తుపాను కదా, నీళ్ళు కారుతున్నాయని ఆవిడ ఆ సాయంత్రమే పాలగిన్నె కుడివైపు జరిపి, ఎడమవైపు ఆవకాయ జాడీ పెట్టిందట. జాడీ రెండు ముక్కలైంది. పిల్లి కిటికీలోంచి వెళ్ళిపోయింది. చీకట్లో మా మేనల్లుడు నవ్వు ఆపుకుంటూ అన్నాడు, ‘మామయ్యా, గడి తప్పింది. ఇక పాచిక వేయనక్కరలేదు.’

ఆ రాత్రి ఆ రూలు నాకు ఎంత బాగా ఎక్కిందంటే, ఆవకాయ వాసన వస్తే ఇప్పటికీ గుర్తొస్తుంది. అయితే పుస్తకం ఇంకొక మెలిక పెడుతుంది. దెబ్బ తప్పినప్పుడు కథ నడిపేవాడు ‘తగల్లేదు’ అని మాత్రమే అంటాడు. చోటు తప్పా, గురి తప్పా చెప్పడు. నాకేమో జాడీ చెప్పేసింది.

మనకు ఇదంతా కొత్తా? దశరథుడు గుర్తులేడా? చీకట్లో నది ఒడ్డున కుండలో నీళ్ళు నిండుతున్న బుడబుడ చప్పుడు విని, ఏనుగు నీళ్ళు తాగుతోందనుకుని బాణం వేశాడు. చూపు లేదు, చోటు తెలుసు. బాణం తగిలింది. కానీ అక్కడున్నది ఏనుగు కాదు, అంధులైన తల్లిదండ్రుల కోసం నీళ్ళు ముంచుతున్న పిల్లవాడు. కథ నడిపేవాళ్ళూ, వినండి. చప్పుడు చోటు చెబుతుంది కానీ ఎవరో చెప్పదు. ‘తలుపు దగ్గర ఏదో కదిలింది’ అనండి చాలు. ‘తలుపు దగ్గర దొంగ కదిలాడు’ అనకండి. ఆ తేడాలో ఎంత కథ ఉందో చూడండి.

ఇంద్రజిత్తు సంగతి ఇంకొక రకం. వాడు మాయమై బాణాలు కురిపిస్తూనే ఉన్నాడు. మామూలు అదృశ్య మంత్రమైతే మొదటి బాణంతోనే విడిపోవాలి. రెండో స్థాయి మంత్రం అది, గంటసేపు నిలుస్తుంది కానీ దెబ్బ వేసినా మంత్రం వేసినా పోతుంది. ఇంద్రజిత్తుది నాలుగో స్థాయి గ్రేటర్ ఇన్విజిబిలిటీ. దెబ్బలు వేస్తున్నా పోదు, కాకపోతే ఒక్క నిమిషమే. ఈ ఆటలో నిమిషమంటే పది రౌండ్లు, పోరు తేలిపోవడానికి చాలు.

ఇప్పుడు ఈ తగవు ఎక్కడ పుట్టిందో చూద్దాం. నా మటుకు నాకు ఇది చెవినీ కంటినీ ఒకే పాచికలో కలిపేసిన రోజున పుట్టింది. పాత ఆటలో దొంగకు రెండు వేర్వేరు విద్యలు ఉండేవి. నీడల్లో దాగడం ఒకటి, చప్పుడు కాకుండా కదలడం ఒకటి. అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ మొదటి కూర్పులో, అప్పుడే మొదలుపెట్టిన దొంగకు నీడల్లో దాగడం నూటికి 10, చప్పుడు లేకుండా కదలడం నూటికి 15. ఘోరంగా ఉన్నాయి కదా? ఆ దొంగలు ఎలా బతికారో తెలియదు. 2000లో వచ్చిన మూడో కూర్పులో కూడా దాగడం వేరు, అలికిడి లేకపోవడం వేరు. పట్టుకునేవాడి వైపు చూడడం వేరు, వినడం వేరు. ఆ కూర్పుకు 2003లో వచ్చిన సవరణలో, అదృశ్యమైనవాడికి దాగే పాచిక మీద కదలకుండా ఉంటే 40, కదిలితే 20 కలిపేవారు. అలికిడి పాచిక మీద? ఏమీ లేదు. సున్నా! గిన్నెల బండి మాయమైనా గిన్నెల బండే.

తర్వాత పాచికలు ఎక్కువైపోయాయి, ఆట నెమ్మదించిందని 2008లో వచ్చిన నాలుగో కూర్పులో రెండూ కలిపి స్టెల్త్ అన్నారు. మరుసటి ఏడు వచ్చిన పాత్‌ఫైండర్, ఇలాంటిదే ఇంకొక ఆట, దాని మొదటి కూర్పు కూడా కలిపేసింది. కలిపేసి, ఆ 40నీ 20నీ మాత్రం తీయలేదు, తెచ్చి స్టెల్త్ మీద పెట్టింది. ఏమైంది? ఇనుప కవచం వేసుకున్నవాడు మాయమైతే వాడి కవచం చప్పుడు కూడా 20 మేర తగ్గినట్టైంది. కంటికి వేసిన మంత్రం చెవికి కూడా పడింది! ఆట వేగం కోసం చేసిన పని, నేను తప్పు పట్టను, కానీ నా ఓటు పాత పద్ధతికే. రెండు పాచికలు వేయడానికి ఎంతసేపు పడుతుంది, నాలుగు క్షణాలు. తగవు తీర్చడానికి? పకోడీలు చల్లారేంతసేపు.

ఇది గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు. వాడుక భాషలో రాయండి, జనం మాట్లాడే మాటల్లో రాయండి అని ఆయన పోరాడింది ఈ వీధుల్లోంచే. ఆ ఊరివాడిగా నేను వాడుక మాటకే మొక్కుతాను. 2014 నాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ కూడా వాడుక భాష పక్షమే. కనిపించకపోవడం, దాక్కోవడం లాంటి మాటలు మామూలు మనిషి ఎలా అర్థం చేసుకుంటాడో అలాగే తీసుకోమంటుంది. చదవడానికి హాయిగా ఉంటుంది. మరి 2019లో వచ్చిన పాత్‌ఫైండర్ రెండో కూర్పు? అది వ్యాకరణ పండితుడు. ప్రతి మాటకూ సూత్రం, ప్రతి సూత్రానికీ అంకె. నిద్ర రానివాళ్ళకు మంచి పుస్తకం. కానీ, గిడుగు వారు క్షమించాలి, ఈ ఒక్క విషయంలో నేను పండితుడి పక్షం.

ఎందుకంటే ఆ పండితుడు నాలుగు మెట్లు కట్టాడు. మొదటి మెట్టు, నువ్వు నాకు కనిపిస్తున్నావు. రెండోది, కనిపించడం లేదు కానీ ఎక్కడున్నావో తెలుసు. మూడోది, ఎక్కడున్నావో తెలియదు కానీ ఉన్నావని తెలుసు. నాలుగోది, నువ్వంటూ ఉన్నావనే నాకు తెలియదు. అబ్జర్వ్‌డ్, హిడెన్, అన్‌డిటెక్టెడ్, అన్‌నోటీస్‌డ్ అని పేర్లు. పేర్లు మరిచిపోండి, మెట్లు గుర్తుపెట్టుకోండి. స్తంభం వెనక అమ్మాయికి నేను రెండో మెట్టు. ఆ రాత్రి మా పిల్లి, జాడీ పగిలాక మూడో మెట్టు. మా ఆవిడ ‘పిల్లి’ అనకముందు? అదే, ఆ పళ్ళెం జరగకముందు? అది నాలుగో మెట్టు, అప్పటికే వంటింట్లో ఎంతసేపటినుంచి ఉందో దానికే తెలియాలి.

రెండో మెట్టు మీద ఉన్నవాణ్ణి కొట్టాలంటే, దెబ్బ పాచికతో పాటు ఇంకో పాచిక వేసి 11 కాని, అంతకంటే ఎక్కువ కాని తెచ్చుకోవాలి. సగానికి సగం. మూడో మెట్టు మీద ఉన్నవాడికైతే గడి కూడా ఊహించాలి, ఆ పాచికలు కథ నడిపేవాడే చాటుగా వేస్తాడు. ఇక నాకు అన్నిటికంటే నచ్చిన సూత్రం ఏమిటంటే, మామూలుగా మాయమైనవాడు మూడో మెట్టు మీద ఉంటాడు. కానీ నేను చూస్తుండగా నువ్వు మాయమైతే నాకు రెండో మెట్టే. ఎందుకంటే ఎక్కడ మాయమయ్యావో చూశాను కదా! అక్కడినుంచి చప్పుడు లేకుండా జారుకుంటేనే మూడో మెట్టు ఎక్కుతావు. చూడండి ఎంత న్యాయంగా ఉందో. మా పిల్లల తగవుల్లో సగం ఈ ఒక్క వాక్యంతో పోతాయి.

దాగుడుమూతలు ఆడినవాళ్ళకు ఇది చెప్పనక్కరలేదు. ఇక్కడ సగం మంది అదే ఆటను ఒడియాలో లుచకాళి అని ఆడారు, సగం మంది దాగుడుమూతలు ఆడారు, చాలామంది రెండూ ఒకే వీధిలో ఆడారు. కళ్ళు మూసుకున్నవాడు వేళ్ళ సందుల్లోంచి చూస్తే ఏమంటారు? తొండి అంటారు. దాక్కునేటప్పుడు చూస్తే దాక్కోవడమే చెల్లదు. ఏడేళ్ళ పిల్లకు తెలిసిన న్యాయం ఇది. తెలుగులో ఎన్ని మాటలు ఉన్నాయో చూడండి, దాగాడు, నక్కాడు, పొంచాడు, మాటు వేశాడు, మాయమయ్యాడు. అయిదూ ఒకటేనా? నక్కినవాడు తప్పించుకోవాలని చూస్తాడు, పొంచినవాడు మీద పడాలని చూస్తాడు. మాయమైనవాడు ఏం చేస్తాడో మాటలో లేదు, కనిపించడు, అంతే. మా బల్ల దగ్గర ఇప్పుడు ‘స్టెల్త్ చేస్తాను’ అంటే ఊరుకోను. నక్కుతావా, పొంచుతావా అని అడుగుతాను.

2024లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ పుస్తకం మళ్ళీ తిరగరాశారు. అందులో ఏం చేశారంటే, పట్టుకోండి, నక్కడంలో గెలిచినవాడికి అదృశ్య స్థితి ఇచ్చేశారు. మంత్రంతో మాయమైనవాడికి ఏ స్థితో, బీరువా వెనక నక్కినవాడికీ అదే. నక్కాలంటే చిమ్మచీకటో, మూడొంతులైనా కప్పే అడ్డో ఉండాలి, శత్రువు చూపుకు అందకూడదు, పాచిక మొత్తం 15 కాని, అంతకంటే ఎక్కువ కాని రావాలి. వేసిన పాచిక మొత్తమే తర్వాత వెతికేవాడికి హద్దు అవుతుంది. గుసగుసను మించి చప్పుడు చేస్తే పోతుంది, శత్రువు కనిపెడితే పోతుంది, దెబ్బ వేస్తే పోతుంది, పైకి పలికే మంత్రం వేస్తే పోతుంది. బాగానే ఉంది కదా?

బాగానే ఉంది. కానీ బీరువా వెనకనుంచి బయటికి వచ్చి, దీపాలు వెలిగే హాలు మధ్యలోంచి చేతులూపుకుంటూ నడిస్తే? చప్పుడు చేయలేదు, దెబ్బ వేయలేదు, మంత్రం చదవలేదు. పోయే కారణాల్లో ‘వెలుగులోకి వస్తే’ అని లేదు. మా దొంగ ఈ పేజీ తెచ్చి నా ముందు పెట్టాడు, వేలితో చూపించాడు. ప్లీడరు కావలసినవాడు. నేనేమన్నానంటే, నాయనా, ‘శత్రువు కనిపెడితే’ అని ఉంది. కళ్ళున్నవాడు ఎదురుగా ఉన్నదాన్ని చూడడం కూడా కనిపెట్టడమే. మా బల్ల దగ్గర ఇదే తీర్పు. వేరే బల్లల దగ్గర వేరేగా తేల్చుకుంటారు, తేల్చుకోనివ్వండి. ఇంకో సంగతి, చప్పుడు వల్లా అడుగుల వల్లా చోటు తెలుస్తుందన్న పాత వాక్యం ఉంది చూశారా, కొత్త పుస్తకంలో అదృశ్య స్థితి వివరణలోంచి అది పోయింది. నాకు ఎంతో ఇష్టమైన వాక్యం. పాత పుస్తకంలోంచి కాగితం మీద రాసి, కొత్త పుస్తకంలో ఆ పేజీకి అంటించాను. వచ్చి చూడవచ్చు.

అయితే కొత్త పుస్తకం ఒక పాత మచ్చ తుడిచింది, అది చెప్పకపోతే అన్యాయం. పాతదానిలో అదృశ్యాన్ని చూడగలిగే మంత్రం వేసుకున్నా, మాట మాట పట్టుకుని చదివితే, దెబ్బకు డిసడ్వాంటేజ్ అలాగే ఉండిపోయేది. కనిపిస్తున్నాడు, గురి మాత్రం కుదరదు! ఇప్పుడు నిన్ను ఎవరైనా చూడగలిగితే వాళ్ళ విషయంలో నీకు ఆ లాభం లేదని స్పష్టంగా రాశారు.

ఇక బల్ల దగ్గర మేం చేసే పద్ధతి చూపిస్తాను. ముందు వరస పిల్లలూ, కాస్త జరగండి, వెనకవాళ్ళకు కనిపించాలి. ఇది గడుల పటం, ఒక్కో గడి అయిదు అడుగులు. పాత్రలకు బొమ్మలు కావాలి కదా, మన ఊరి కొమ్ము బొమ్మలే వాడుతున్నాం. ఈ కొంగ మంత్రగత్తె, ఈ రొయ్య యోధుడు. రొయ్యకు కవచం ఉంది చూడండి. దొంగ మాయమయ్యాడనుకోండి. వాడి బొమ్మను పటం మీదనుంచి తీసేస్తాం. తీసేసి, ఆఖరుగా కనిపించిన గడిలో ఒక చింతపిక్క పెడతాం. చింతపిక్క అంటే ‘ఇక్కడ ఉన్నాడని వాళ్ళు అనుకుంటున్నారు’ అని. నిజంగా ఎక్కడున్నాడో దొంగ ఒక చీటీ మీద రాసి, మడిచి, ఈ గ్లాసు కింద పెడతాడు. చప్పుడు చేశాడా, చింతపిక్క అక్కడికి జరుగుతుంది. నక్కే పాచిక గెలిచాడా, చింతపిక్క ఉన్న చోటే ఉండిపోతుంది, చీటీ మారుతుంది. శత్రువులు చింతపిక్కను కొడతారు, మనిషిని కాదు. మొన్న ఒక రాక్షసుడు మూడు రౌండ్లు వరసగా చింతపిక్కను బాదాడు. దొంగ అప్పటికే వాడి వెనక గడిలో ఉన్నాడు. చీటీ విప్పినప్పుడు ఆ గదిలో కేకలు వినాలి మీరు. ఇందాక జూదమన్న పెద్దాయన ఆ రోజు ఉంటే ఆయన కూడా అరిచేవారు.

మాయమైనవాణ్ణి పట్టుకోవడానికి మంత్రాలే అక్కరలేదు. పిండి చల్లండి. నేల తడపండి. పావురాలు దిగిన చోట ఒక్కసారిగా ఎగిరాయంటే ఏదో వచ్చినట్టే. పాత కోటలో గబ్బిలాలు ఉంటాయి. 2014 పుస్తకంలో గబ్బిలానికి 60 అడుగుల లోపల కళ్ళతో పనిలేదు, తన చప్పుడు తిరిగొచ్చే తీరును బట్టి పసిగడుతుంది. దాని ముందు అదృశ్య మంత్రం దండగ. కుక్క ఇంకా చెడ్డది. దాని పాసివ్ పర్సెప్షన్ 13, వాసనతోనో చప్పుడుతోనో పట్టేదైతే ఇంకో 5 కలుస్తుంది. 18! మా దొంగ 7 నేర్పుతో పాచిక మీద 11 తెచ్చుకోవాలి. ఇందాక మనిషి దగ్గర నూటికి 80, కుక్క దగ్గర నూటికి 50.

ప్రశ్నలున్నాయా? చెప్పు బాబూ. గట్టిగా అడుగు. ‘అదృశ్య మంత్రంతో పాటు నిశ్శబ్ద మంత్రం కూడా వేస్తే యోధుడు దొరకడు కదా మాస్టారూ?’ భలే అడిగావు. ఎన్నాళ్ళనుంచి దాచుకున్నావు ఈ ప్రశ్న? విను. రెండూ ఏకాగ్రత కావలసిన మంత్రాలు. ఒకే మంత్రగత్తె రెండూ పట్టుకోలేదు, ఒకటి మొదలుపెడితే రెండోది జారిపోతుంది. సరే, ఇంకొకరు ఉన్నారనుకో. నిశ్శబ్దం మనిషికి అంటుకుని నడవదు. ఒక చోట వేస్తే చుట్టూ 20 అడుగుల మేర, పది నిమిషాలు, అక్కడే ఉంటుంది. యోధుడు అందులోంచి బయటికి అడుగు పెట్టగానే మళ్ళీ గిన్నెల బండి. ఇంకా ఉంది. రాత్రిపూట మహేంద్రతనయ ఒడ్డున కూర్చున్నావా ఎప్పుడైనా? కీచురాళ్ళు అరుస్తూనే ఉంటాయి, అరుస్తున్నాయని కూడా మనకు తెలియదు. అవి ఒక్కసారిగా ఆగిపోతే? తల తిప్పి చూస్తావా లేదా? కాపలావాడూ చూస్తాడు. ఏమీ కనిపించదు, ఏమీ వినిపించదు, కానీ వెళ్ళి కుక్క గొలుసు విప్పుతాడు.

కుక్క లేదంటావా? అది కథ నడిపేవాణ్ణి అడగాలి, నన్ను కాదు. బల్ల అటు జరపండి, దీపం ఇటు పెట్టండి. చింతపిక్కలు ఎవరి దగ్గర ఉన్నాయి?